నర్సమ్మ చూసిన పాత ఇళ్లు

బళ్లారిలో మా పక్కింటి నర్సమ్మ ప్రసవాల వార్డులో పనిచేసి రిటైరైంది. ఆమె భర్త పోస్టుమాస్టరుగా చేసి దిగిపోయాడు. ఆయనకు పాత ఇళ్లంటే మహా ఇష్టం. ఆదివారాలు ఇద్దరూ బస్సెక్కేవాళ్లు. అప్పుడే టీచరుగా చేరిన నన్నూ వెంట తీసుకుపోయేవాళ్లు.

ఆయన చెక్కిన స్తంభాల దగ్గర ఆగిపోయేవాడు. ఆమెకు కాలు నిలిచేది కాదు. నేరుగా వెనక గదుల్లోకి పోయి, "ఈ ఇంట్లో కాన్పులు యాడ చేస్తాండ్రి?" అని అడిగేది.

పందొమ్మిది వందల అరవైల మొదట్లో, బళ్లారి దగ్గరి కురుగోడులో పాళెగాళ్ల నాటి ఇంటికి పోయాం. ఇంటి ముసలామె కాన్పుల గదంటూ ఒక చీకటి గది చూపించింది. దాని కిటికీ తెరవకుండా మేకులు కొట్టి ఉన్నాయి. పక్కనే నెలలు నిండిన కోడలు నిలబడి ఉంది.

"ఈమెకు గూడా ఈడేనా?" అంది నర్సమ్మ.

"మా ఇంట్లో అందరికీ ఈడే. మా అత్త ఈడనే కని, ఈడనే పాయ."

నర్సమ్మ ఆ గదిలోకీ బయటికీ నాలుగుసార్లు తిరిగింది.

"బస్సు పోతాది," అన్నాడు భర్త.

"పోనీండి. నేను రాను."

మరునాడు ఆయన ఆమె చీరలు తెచ్చిచ్చాడు. ఆ తర్వాతి ఆదివారం ఆయనా నేనూ పోయేసరికి కోడలికి నొప్పులు మొదలయ్యాయి. నర్సమ్మ ముందు హాల్లో, వెలుతురులో, చాప పరిపించింది. ముసలామె మగవాళ్లను బయటికి పంపి, వీధి తలుపు తనే వేసింది.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. పోస్టుమాస్టరు అరుగు మీదే ఉన్నాడు.

"ఇద్దరూ బాగుండారు," అంటూ నర్సమ్మ వచ్చి ఆయన పక్కన కూర్చుంది.