తెర మీది గడియారం

ఫైనలియర్ చివర్లో నాకు ఒక్క పరీక్షే మిగిలింది, ప్రోగ్రామింగ్ ల్యాబు. అది పాసైతేనే ఉద్యోగంలోకి తీసుకుంటామని కంపెనీవాళ్లు చాలా మర్యాదగా రాశారు. ఆ మర్యాదకే నాకు సగం జ్వరం వచ్చింది.

విజయనగరం దగ్గర మా కాలేజీ. ల్యాబులో ఉన్నవి ఎవరో వదిలించుకుంటూ దానమిచ్చిన యూనిక్స్ వర్క్‌స్టేషన్లు, పీసీల జాతి కాని కంప్యూటర్లు. పరీక్ష సాఫ్ట్‌వేరేమో మామూలు పీసీకి రాసింది. అందుకని మా ల్యాబు సారు వాటిలో ఎమ్యులేటర్ పెట్టారు. అంటే వర్క్‌స్టేషన్ పీసీ వేషం కడుతుంది, ఆ వేషం మీద పరీక్ష నడుస్తుంది. వేషం బరువైంది. మౌస్ కదిపితే బాణం పెళ్లిభోజనం చేసి లేచినవాడిలా కదిలేది. అయినా అసలు పీసీకి ఏమీ తీసిపోదని సారు స్వయంగా కొలిచి, గోడకి కాగితం అంటించారు. కొలిచింది ఆ వేషగాడి గడియారంతోనే అన్న సంగతి అప్పటికి ఎవరికీ తట్టలేదు.

పరీక్ష రెండు గంటలు. ఫోన్లు గుమ్మం దగ్గరే తీసేసుకున్నారు. గోడ గడియారం ఎప్పుడో ఆగిపోయింది. వాచీ ఉన్నది నా ఒక్కడికే. అందులో రెండు గంటలూ అయిపోవచ్చాయి. తెర మీద మాత్రం ఇంకా గంట మిగిలే ఉంది. పక్క సీట్లో ఉన్న చీపురుపల్లి స్నేహితుడికి చూపించాను.

"నోర్ముయ్యరా బావ," అన్నాడు తల తిప్పకుండా. "దేవుడిచ్చిన టైము. వాడుకో."

పని తెమలక ఎమ్యులేటర్ తన గడియారాన్ని కూడా నెమ్మదిగా నడిపిస్తోందని అప్పుడు అర్థమైంది. సంతోషించాను. ఆ సంతోషం అటెండరు వచ్చేదాకా ఉంది. ఆ రోజు కరెంటు లేదు, జనరేటర్ మీద నడుస్తున్నాం.

"సార్, డీజిల్ అడుక్కి వచ్చీసినాది," అన్నాడతను. "ఇప్పుడో ఇంకాసేపటికో ఆగిపోతాది."

సారు పేపర్లు దిద్దుతూనే ముందు వరసలోని తెర వైపు చూసి, పరీక్షకింకా గంటుంది, అప్పటిదాకా ఆగమను అన్నారు. ఎవరిని ఆగమనాలో అతనికి తెలియలేదు.

నా ప్రోగ్రాంలో ఒక తప్పు అలాగే ఉంది. ఒక్కసారి పంపితే మళ్లీ ముట్టుకోనివ్వరు. దిద్దుకుంటూ కూర్చుంటే, మధ్యలో ఆగితే, మొత్తం పోతుంది. కిటికీ అవతల జనరేటర్ ఒకసారి దగ్గింది. నేను తప్పుతో సహా పంపేశాను.

జవాబు ఎంతవరకు వెళ్లిందో చూపించే పచ్చగీత తెర మీద బయల్దేరింది. సగం దూరం వెళ్లి ఆలోచనలో పడింది. దాన్ని ముందుకి తోద్దామని మౌస్‌ని గట్టిగా పట్టుకున్నాను, బండి తోసేవాడిలా. గీత ఇంకొంచెం జరిగింది. జనరేటర్ ఆగింది. ఫాన్లు ఆగాయి. తెరలన్నీ నల్లబడ్డాయి. గీత చివరిదాకా వెళ్లిందో లేదో నేను చూడలేదు.

జవాబులన్నీ చేరే సారు బల్ల మీది కంప్యూటర్ ఒక్కటే బ్యాటరీ మీద వెలుగుతోంది. అక్కడిదాకా నడిచాను. సారు తాపీగా వెతికారు. నా జవాబు చేరిందన్నారు. అందులో తప్పుందని కూడా అన్నారు. ఆ తప్పుతోనే తర్వాత గట్టెక్కాను.

వెనక్కి తిరిగి చూస్తే, నా స్నేహితుడు నల్లటి తెర ముందు ఇంకా అలాగే కూర్చున్నాడు.

"యాభై నిమిషాలున్నాదిరా ఇంకా," అన్నాడు.