ఆనకట్ట కింద పొయ్యి

కన్నకూతుర్ని ఏట్లో కూర్చోబెట్టాడన్న నింద మా బావ ఇన్నేళ్లుగా మోస్తున్నాడంటే, ఆ రోజు ఆనకట్ట కాపలాదారు నాతో అన్నమాట నేను ఎవరికీ చెప్పకపోవడమే కారణం. మొన్న భోజనాల దగ్గర మేనకోడలి కొడుకు ఫోనులో ఆ ఆనకట్ట జలాశయమే చూపించి, పడవ షికారుకు వెళదామన్నాడు. అక్క బావ వైపు ఒక్క చూపు చూసింది.

కలకత్తా మెటియాబ్రుజ్‌లో మా శ్రీకాకుళం వాళ్లంతా ఓడల డాకులో పనివాళ్లే. గేటు మీద ఎర్రజెండాలు ఎగిరే రోజులవి. నాకప్పుడే కొత్తగా పని దొరికింది. చలికాలం రాగానే బెంగాలీల్లాగే మేమూ బస్సు మాట్లాడుకుని పిక్నిక్‌కి పోయేవాళ్లం. ఆ ఏడాది పల్లెల మధ్య ఉన్న ఓ ఆనకట్టకు వెళ్లాం. పైన సముద్రమంత నీళ్లు, రంగురంగుల పడవలు. కింద ఏట్లో బండలు, సన్నని పాయ. బావ అక్కడే పొయ్యి పెట్టించాడు. కాపలాదారు నన్ను పిలిచి, అక్కడ వండొద్దని, సైరన్ మోగితే నీళ్లు వదులుతారని బెంగాలీలో చెప్పాడు. గిన్నెలన్నీ మళ్లీ నేనే మోయాలి, పైన పడవల దగ్గర జనం పెరిగిపోతున్నారు.

“ఏటన్నాడ్రా?” అన్నాడు బావ.

“ఏటీ లేదు బావా, వండుకోమన్నాడు.”

నేను పైన పడవ కోసం నిలబడి ఉండగా సైరన్ మోగింది. మెట్లు దిగుతూ అరిచాను. మా డాకులో సైరనంటే భోజనాల వేళ. కింద మావాళ్లు నవ్వుతున్నారు.

“మన డాకు ఈడికీ వచ్చీసిందిరోయ్, ఆకులెయ్యండి!”

అంతలోనే బండల మధ్య నీళ్లు లేచాయి. అందరూ గట్టుకు పరిగెత్తారు కాని, మేనకోడలు నడి ఏట్లో రాతి మీద ఒక్కతే నిలబడి ఉంది. బావ ఛాతీ లోతు నీళ్లలో దాన్ని భుజానికెత్తుకుని వస్తుంటే, ఒకసారి ఇద్దరి తలలూ కనబడలేదు. అలా ఎంతసేపు గడిచిందో ఇప్పటికీ నాకు తెలియదు.

గట్టెక్కాక అక్క ఏడుస్తూ, “నీ కళ్లేటి పోనాయి?” అని బావ మీద విరుచుకుపడింది. కాపలావాడే వండుకోమన్నాడని బావ నా వైపు చూశాడు. నేను అవునని అనకుండా, మిగిలిన గిన్నెలు ఏరుకుంటూ పక్కకు పోయాను. ఆ తర్వాత మావాళ్లు ఏ నీటి ఒడ్డుకూ బస్సు కట్టలేదు. పిల్లని ఎక్కడికి తీసుకెళ్తానన్నా అక్క బావను నమ్మలేదు. ఇప్పుడా డాకులో మావాళ్లే పెద్దగా లేరు, ఆనాడు నవ్వినవాళ్లలో చాలామంది పోయారు. వాళ్లు బావను తప్పుపడుతూనే పోయారు.

మొన్న ఎంగిలి చేత్తోనే లేచి, అక్క వింటుండగా చెప్పాను.

“ఆ వేళ కాపలావాడు వద్దనే అన్నాడు. నాను అబద్దమాడీసేను. తప్పయిపోనాది బావా, నన్ను చెమించు.”