చివరి కంప్యూటర్

సూరత్‌లో మగ్గాల మీద బతికే మన వాళ్ల పిల్లల కోసం ఒక తెలుగు బడి ఉండేది. అందులో నాతోపాటు ఒక టీచరమ్మ పనిచేసేది. ఎవరో దానంగా ఇచ్చిన పాత కంప్యూటర్లు మా బడికి వచ్చాయి. అన్నీ విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్‌తో నడిచేవే; ఒకదాంట్లో ఉబుంటు రకం, ఇంకోదాంట్లో ఫెడోరా, మిగతావాటిలో ఇంకేవో. ఏదైనా ఎక్కించాలంటే ఒకదానికి పనికొచ్చిన పద్ధతి ఇంకోదానికి పనికొచ్చేది కాదు. అయినా ఆమె విసుక్కోకుండా అన్నిట్లోనూ పిల్లలు రాసుకోవడానికి లిబ్రే ఆఫీస్ ఎక్కించేది. ఒత్తులు విడిపోయి కనిపిస్తే తెలుగు ఫాంట్ వెతికి పెట్టేది. అంతా కుదిరాక ఒక పిల్లను పిలిచి, "నీ పేరు కొట్టు బిడ్డా" అనేది. తెర మీద తన పేరు తెలుగులో చూసుకుని ఆ పిల్ల నవ్వితేనే ఆమెకు పని అయినట్టు.

పిల్లలు తగ్గిపోయారని బడి మూసేస్తున్నట్టు చెప్పారు. ఆ రోజు కూడా ఆమె, ఇంకా తెలుగు ఎక్కించకుండా మిగిలిన ఒక్క కంప్యూటర్ ముందు కూర్చుంది.

"ఇంకెందుకక్కా? రేపు వీటిని గుజరాతీ బడికి తీస్కపోతరు గద," అన్నాను.

"మన పిల్లలు గూడ ఆడికే పోతున్నరు," అంది తల ఎత్తకుండానే.

అక్కడ తెలుగు టీచరుకు చోటు లేదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

పని అయ్యాక ఐదో తరగతి పిల్లను పిలిచింది. ఆ పిల్ల తన పేరు కొట్టి, "టీచర్, మీరు గూడ ఆ బడికి వస్తరా?" అని అడిగింది.

ఆమె ఆ పిల్ల తల నిమిరింది.

"కంప్యూటర్ వస్తది బిడ్డా," అంది.