ఆవాజ్ ఎక్కడ వస్తోంది?

2023 ఎండాకాలం. భిలాయ్ క్యాంప్ 2లో మా ఇంటి ముందుగదే నా ట్యూషన్ గది. అంతకు ముందు చాలా ఏళ్లు ఒక హిందీ దినపత్రిక డెస్క్‌లో వార్తలు దిద్దాను. ఆ ఉద్యోగం మానేశాక డిగ్రీలో చదువుకున్న లెక్కలను నమ్ముకుని పిల్లలకు చెప్పడం మొదలుపెట్టాను. డెస్క్ నుంచి నాతో వచ్చింది ఒక్క అలవాటే. విలేకరి ఏం రాసుకొచ్చినా, 'నీకెలా తెలుసు?' అని అడగడం.

ఆ బ్యాచ్‌లో అందరూ పన్నెండో తరగతి లెక్కల్లో తప్పినవాళ్లే. సప్లిమెంటరీ పరీక్షను ఇక్కడ పూరక్ అంటారు. దానికోసం చదువుతున్నారు. వాళ్లలో హారిక ఒకతి. తండ్రి అప్పల్రాజు జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద కన్వేయర్ బెల్టు చూసుకుంటాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. పూరక్ కూడా పోతే చదువు ఆపేసి, సుపేలాలో మేనమామ చూసిపెట్టిన చీరల దుకాణంలో కౌంటర్ దగ్గర నిలబడాలని ఇంట్లో తేలిపోయింది. ఆమెకు మాత్రం కాలేజీకి వెళ్లి ఫిజిక్స్ చదవాలని ఉంది.

చూస్తే హారిక తప్పాల్సిన పిల్ల కాదు. ఇచ్చిన హోంవర్క్ పూర్తిగా చేస్తుంది. నేను బోర్డు మీద లెక్క చేస్తుంటే తర్వాతి మెట్టు నాకంటే ముందే చెబుతుంది. అయినా పరీక్షలో తప్పింది. ఎందుకు తప్పావని అడిగితే, "పతా నహీ సార్. అన్నీ వచ్చు. పేపర్ చూడగానే పోతాయి" అంది.

ఎవరికి ఏది వచ్చో, ఏది రాదో వాళ్లే గమనించుకుని చెప్పడాన్ని మా వృత్తిలో సెల్ఫ్ అసెస్‌మెంట్ అంటారు. పేరు చెబితే పిల్లలకు ఎక్కదు. అందుకని ఊళ్లోని స్టీల్ ప్లాంట్ నుంచి షిఫ్ట్ హ్యాండోవర్ పద్ధతి తెచ్చాను. డ్యూటీ దిగేవాడు ఎక్కేవాడికి మిషన్ ఏ స్థితిలో ఉందో చెప్పి చార్జ్ అప్పగిస్తాడు. ఈ ఊళ్లో అది తెలియని ఇల్లు లేదు. క్లాసు చివర ప్రతివాళ్లూ పక్కవాళ్లకు తమ చదువు చార్జ్ ఇవ్వాలన్నాను. ఏ పాఠం నడుస్తోంది, ఏది ఆగింది, నోటితో చెప్పాలి.

మొదట్లో బాగానే సాగింది. వారం తిరిగేసరికి గదంతా ఒకటే మాట. "ఆల్ నార్మల్."

సెక్టర్ 7 నుంచి వచ్చే సంతోష్ పగలబడి నవ్వాడు. వాడి తండ్రి ప్లాంట్‌లో క్రేన్ నడుపుతాడు. "మా నాన్న కూడా ఇంతే సార్. ఇంటికొచ్చే తొందరలో ఆల్ నార్మల్ అనేసి బండి స్టార్ట్ చేస్తాడు."

"మరి చార్జ్ తీసుకునేవాడు ఊరుకుంటాడా?"

"అలా ఎలా ఊరుకుంటాడు సార్? ఈయన దిగకముందే హుక్ ఓసారి ఎత్తి దించి చూస్తాడు. అప్పుడే వదుల్తాడు."

నేను సగం పద్ధతే తెచ్చానన్నమాట. మర్నాటి నుంచి చార్జ్ తీసుకునేవాళ్లు ఒక లెక్క ఇస్తారు, ఇచ్చేవాళ్లు పుస్తకం మూసి బోర్డు మీద చేస్తారు అన్నాను.

ఆ రోజు హారిక చార్జ్ సంతోష్ తీసుకున్నాడు. "ఇంటిగ్రేషన్ నార్మల్" అందామె. వాడు ఒక మామూలు లెక్క ఇచ్చాడు. ఆమె ప్రశ్న రాసింది. కింద ఇంటిగ్రేషన్ గుర్తు వేసింది. అక్కడే ఆగింది. చాక్‌పీస్ బోర్డుకు ఆనించే ఉంది, చెయ్యి కదల్లేదు.

"దీదీ, హుక్ లేవడం లేదు" అన్నాడు సంతోష్. అందరూ నవ్వారు. హారిక కూడా నవ్వింది. మర్నాడు క్లాసుకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలో బియ్యం ఏరుతున్న తల్లి గబగబా లేచింది.

"ఏటి మాస్టారూ, ఇలగొచ్చీసారు? మా పిల్ల ఏటైనా తప్పు సేసిందా?"

"ఏం లేదమ్మా. రెండు రోజులుగా రావడం లేదని..."

"తల్నొప్పంది. మరి పొద్దత్తమానం ఆ ఫోన్లో లెక్కలే సూస్తంది. ఇంకేటి సదవాల?"

హారిక లోపలి నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. తల్లి టీ పెట్టడానికి వెళ్లాక మెల్లగా అంది.

"అబద్ధం చెప్పలేదు సార్. వీడియో చూస్తున్నప్పుడు నిజంగానే వస్తుంది. మీరు చేస్తున్నప్పుడూ వస్తుంది."

"మేం చేస్తున్నప్పుడు దారి మేం ఎంచుకుంటాం. నువ్వు వెనకాల నడుస్తావు. మొన్న బోర్డు దగ్గర దారి ఎంచుకోవాల్సింది నువ్వు. అంతే తేడా. పరీక్షలో కాకుండా ఇప్పుడే తెలియడం మంచిదే కదా?"

ఆమె వంటింటి వైపు ఓసారి చూసింది. "నాన్న డ్యూటీ నుంచి రాగానే పఢాయీ కైసీ చల్ రహీ హై, చదువెలా నడుస్తోంది అని అడుగుతాడు సార్. రావట్లేదు అంటే ఆయనేం చేస్తాడు? అన్నం తినకుండా కూర్చుంటాడు. అందుకే ఠీక్ అంటాను. అనీ అనీ నాకూ ఠీకే అనిపిస్తుంది."

టీ తాగి లేవబోతుంటే ఆమే అంది, "సార్, మన హ్యాండోవర్‌లో నార్మల్, బంద్, రెండే ఉన్నాయి. నాది రెండూ కాదు."

"మరేంటి?"

"నాన్న బెల్టు గురించి చెబుతుంటాడు. నడిచేది ఉంటుంది, ఆగిపోయింది ఉంటుంది. నడుస్తూనే కీచుమని ఆవాజ్ చేసేది ఇంకోటి. ఆయన భయం ఎప్పుడూ దాని గురించే. ఆగేలోపు ఏ రోలర్ చెడిందో పట్టుకోవాలంటాడు. నాకు ఇంటిగ్రేషన్‌లో ఆవాజ్ వస్తోంది సార్."

మర్నాడు ఆమె క్లాసుకు వచ్చింది. హ్యాండోవర్‌లో మూడో మాట చేరింది. దాంతో గది మారిపోయింది. రాదని చెప్పడానికి సిగ్గుపడే పిల్లలు ఆవాజ్ వస్తోందని చెప్పడానికి ఎగబడ్డారు. సంతోష్ అయితే "సార్, నాది బెల్టు కాదు, ఆటో సైలెన్సర్" అన్నాడు. ఆవాజ్ ఉందంటే ఎక్కడో చెప్పాలన్నది నా షరతు. హారికది లెక్క మొదలుపెట్టే చోటే. అందుకని ఆమెకు కొన్నాళ్లు లెక్కలు చేయడమే మాన్పించాను. ప్రశ్న చూసి మొదటి మెట్టు ఏమిటో, అదే ఎందుకో చెప్పాలి, అంతే. మొదట్లో తప్పులే చెప్పింది. తర్వాత, "ఇది తప్పేమో అనిపిస్తోంది సార్" అని నాకంటే ముందే అనడం మొదలుపెట్టింది. నాకు ధైర్యం వచ్చింది అప్పుడే.

ఇంట్లో కూడా ఆ మాట చేరినట్టుంది. పూరక్ పరీక్ష రోజు సెంటర్ గేటు బయట నేనూ అప్పల్రాజూ నిలబడ్డాం. వాన చినుకులు పడుతున్నాయి. హారిక బయటికి రాగానే ఆయన ఎదురెళ్లాడు. ఎలా రాశావని అడగలేదు.

"ఏటమ్మా, ఆవాజ్ ఎక్కడొచ్చింది?"

"ఇంటిగ్రేషన్ నార్మల్ నాన్నా. ప్రాబబిలిటీ రాశాను గానీ, పెద్ద లెక్కలో ఆవాజ్ ఉంది. వెక్టర్స్ బంద్, ముట్టుకోలేదు. పాసవుతాను. ఎక్కువ మార్కులు మాత్రం రావు."

అప్పల్రాజు నావైపు చూశాడు. "పాసవుద్దంటారా మాస్టారూ?"

"అమ్మాయి చెప్పింది కదా" అన్నాను.

ఫలితాలు వచ్చాయి. పాసైంది. ఎక్కువ మార్కులు రాలేదు. ఫోన్‌లో ఆ మార్కులు చూపిస్తూ ఆమె పడ్డ సంతోషం పాసైనందుకు ఎంతో, తను అనుకున్నట్టే వచ్చినందుకూ అంతే. చీరల దుకాణంలో ఆ చోటు ఇంకెవరికో వెళ్లింది. ఆమె కాలేజీలో ఫిజిక్స్‌లో చేరింది.

ఆ ఎండాకాలం వరకూ ప్రతి పాఠం చివరా "అర్థమైందా?" అని అడిగేవాణ్ణి. పిల్లలు అవుననేవాళ్లు. డెస్క్‌లో ఏ విలేకరినీ అంత సులువుగా వదల్లేదు, పిల్లల్ని మాత్రం వదిలేసేవాణ్ణి. ఇప్పుడు ఆ ప్రశ్న మానేశాను. పుస్తకం మూయించి చాక్‌పీస్ చేతికిస్తాను. ఆవాజ్ ఎక్కడ వస్తోందో చెప్పమంటాను. ఎక్కడా రావడం లేదనే పిల్ల దగ్గర ఇంకాసేపు కూర్చుంటాను.