కండ్ల కింద గంజి

కూసో. కాళ్లు మడుచుకొని సక్కగ కూసో. గోడకు ఒరగొద్దు, ఒరిగితే నిద్రొస్తది. చెవులిటు పెట్టి ఇను. నేను చెప్పేది నీ బళ్లె నేర్పిన తెలుగుల దిద్దుకొని రాయి, నాకేం పరేషాన్ లేదు. కానీ మా అవ్వ అన్నది, మా అత్త అన్నది మాత్రం అన్నట్టే రాయాలె. వాళ్ల నోట్లె నీ తెలుగు పెట్టినవంటే దిగొచ్చి నీ చెవి మెలిపెడుతరు. ముందుగాల గా కండ్ల కింద పూసుకున్న తెల్లటి మందు తుడుచుకో. పొద్దటి సంది అద్దం ముంగట నిలబడి ఏడుపు మొహం పెట్టినవు కద, దానికే చెప్తున్న ఇది.

ఊఁ, రాయి మనవరాలా.

మాది గద్వాలలో నేతగాళ్ల వీధి. గద్వాల ఇంకా సంస్థానంగా ఉన్న రోజులు. ఇంట్లో మా నాయిన, అమ్మ, నాయిన తల్లి అయిన మా అవ్వ, నేను. ఇక మగ్గం. దాన్నీ ఒక మనిషి కిందే లెక్కేసుకో. ఇంట్లో నడిమి జాగా అంతా దానిదే, మేం పక్కన ఒదిగి పడుకునేవాళ్లం.

గద్వాల చీర సంగతి నీకు తెలుసు కదా, ఒళ్లంతా నూలు, అంచు పట్టు. రెండూ ఒకే మగ్గం మీద కలిసి నడవాలి. నడుమ నూలు పోగును అటూ ఇటూ మోసుకుపోయే నాడె మా నాయిన విసిరేవాడు. అంచు వైపు కూర్చుని పట్టు నాడె నడిపేందుకు ఇంకో మనిషి కావాలి. నూలు పోగు వచ్చి పట్టు పోగును పట్టుకుని వెనక్కి తిరగాలి. ఆ పట్టుకోవడం ఎక్కడైనా తప్పిందో, కట్టుకున్నామె నడుస్తుంటే అంచు ఊడి కాళ్లకు చుట్టుకుంటుంది. ఆ పని మా అమ్మది. అమ్మకు నడుం పట్టేయడంతో ఆ చోటు నాకొచ్చింది. అప్పుడు నాకు పన్నెండో పదమూడో ఉంటాయి. చిలకపచ్చ ఒళ్లు, కుంకుమ రంగు అంచు. నా చేతితో నేసిన మొదటి అంచు అదే. పొద్దున లేస్తూనే పోయి దాన్ని తడిమి చూసుకునేదాన్ని, అది రాత్రికి రాత్రి పెరిగినట్టు.

అట్లాంటి రోజుల్లో వనపర్తి నుంచి మా మేనత్త వచ్చింది. నాయినకు అక్క. చిన్నప్పుడు ఆయన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. అందుకే మీసాలొచ్చినా నాయిన ఆమె ముందు చేతులు కట్టుకునే నిలబడేవాడు. అత్త వస్తూనే నా గదువ పట్టుకుని వాకిట్లో ఎండలోకి ఈడ్చుకుపోయింది.

"ఏమ్రా తమ్ముడా, పొల్ల కండ్ల కింద గీ నలుపేంది? సంచులు గూడ ఏలాడుతున్నయి. ముసలిదాని లెక్క జేసినవు గదరా పిల్లను!"

"ఎండకు గట్ల కొడుతున్నదేమో అక్కా."

"ఎండ కాదు, నీ మగ్గం! పోగులు సూపిచ్చి సూపిచ్చి పిల్ల కండ్లు పీక్కపోయినయి. పీర్ల పండుగకు మళ్లొస్త. అప్పటికి గీ నలుపు పోకుంటే నా ఎంట వనపర్తికి తోల్కపోత. మా ఇంట్ల ఆడపిల్ల లేకపాయె. తిని కూసుంటది."

"నువ్వెట్లంటే గట్లనే అక్కా" అన్నాడు నాయిన. అంతే, తీర్పైపోయింది.

అత్తంటే నాకు ప్రాణమే. ఆమె ఇంట్లో బెల్లానికి, పుట్నాలకు కరువుండదు, మామది కిరాణా దుకాణం. కానీ ఆ ఇంట్లో మగ్గం లేదు. నేను పోతే నా కుంకుమ అంచు సగంలో ఆగుతుంది, లేదా వేరెవరో నా చోట్లో కూర్చుని పూర్తి చేస్తారు. అది తలుచుకుంటేనే నాకు అన్నం దిగేది కాదు. ఆ రోజు నుంచి నా కళ్ల కింది నలుపుతో నాకు పంచాయితీ మొదలైంది.

మొదటి మందు అవ్వది. శనగపిండి, పెరుగు కలిపి కళ్ల కింద మెత్తింది. ఆరేదాకా కదలొద్దంది. నలుపు పోయిందో లేదో గానీ, మా వీధిలో ఉన్న ఈగలన్నిటికీ కబురు పోయింది. నేను కదలకూడదు, అవి కదలకుండా ఉండవు. అవ్వ విసనకర్ర పట్టుకుని నా మొహం మీద ఈగలను కొడుతుంటే రెండు దెబ్బలు నా ముక్కుకే తగిలాయి.

పక్కింట్లో ఒక ఖాలా ఉండేది, సాయిబుల ఆడమనిషి, చెయ్యి మంచిదని పేరు. ఆమె గులాబీ నీళ్లు దూదిలో తడిపి పెట్టింది.

"జర ఆరాముగ పండుకో బేటీ. నిద్రే దీనికి దవా" అంది.

పడుకున్నాను. కళ్లు మూసుకుంటే చిలకపచ్చ పోగులు, తెరిస్తే ఖాలా. నిద్రెక్కడిది?

ఆ తర్వాత దోసకాయ. ఎవరు చెప్పారో గుర్తులేదు, చల్లగా ఉంటుందని నాకే తోచిందేమో. రెండు చక్రాలు కోసుకుని, కళ్ల మీద పెట్టుకుని వాకిట్లో నీడన వెల్లకిలా పడుకున్నాను. నిజంగానే హాయిగా ఉంది. కాసేపటికి గరుకుగా, వెచ్చగా ఏదో రెప్పను నాకింది. లేచి చూస్తే మా మేకపిల్ల, నోట్లో నా కుడికన్ను దోసకాయ. ఎడమదాని కోసం మళ్లీ మొహం ముందుకు పెడుతోంది.

లోపల నుంచి అమ్మ గొంతు. "పచ్చట్లకు పెట్టుకున్న దోసకాయ యాడబాయెనే?"

"మేక తిన్నదమ్మా!" అన్నాను. అబద్ధమేం కాదు కదా.

ఇవన్నీ అయ్యేసరికి పండుగ దగ్గరికొచ్చింది. చావడి ముందు గుండం తవ్వారు, డప్పుల చప్పుడు మొదలైంది. నా నలుపు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. రేపు అత్త వస్తుందనగా మా నాయిన కొత్త పడుగుకు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులకు, గంజి పట్టించాడు. తెల్లారగానే వీధి పొడుగునా పోగులు చాపి, కుంచెతో గంజి పూసుకుంటూ పోయేవాళ్లు. గంజి పెట్టక ముందు ఆ పోగులు నూగు నూగుగా, వాలిపోయి ఉంటాయి. గంజి పడి ఎండ తగిలిందంటే నూగు అణిగి, బిగిసి, నున్నగా నిలబడతాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, కానీ ఆ రోజు కొత్తగా చూశాను. వాలిపోయిన పోగును లేపి నిలబెట్టే గంజి నా కళ్ల కింది సంచులను నిలబెట్టదా?

ఆ గంజి కాస్త దాచి, మర్నాడు పొద్దున ఎవరూ చూడకుండా కళ్ల కింద పూసుకున్నాను. పోగుకు పూసినట్టే ఒకే వైపు, పలుచగా. ఎండలో నిలబడ్డాను. ఆరుతుంటే చర్మం గుంజింది. తోమిన ఇత్తడి చెంబులో చూసుకుంటే, నీ మీద ఒట్టు, సంచుల్లేవు! నలుపు మీద తెల్లటి పొర. ఎగిరి గంతేద్దామనుకున్నాను గానీ మొహం కదలడం లేదు.

"ఏందే, మూతి గట్ల బిగవట్టినవు?" అంది అమ్మ.

"ఊఁ" అన్నాను. అంతకంటే పెద్ద మాట ఆ మొహంతో రాదు.

అత్త రైలు దిగి వచ్చింది. ఎప్పుడూ కృష్ణ మీది బ్రిడ్జి రాగానే కిటికీలోంచి తల బయటపెట్టి నదికి దండం పెట్టడం ఆమెకు అలవాటు. ఆ రోజు ఇంజను పక్క డబ్బాలోనే చోటు దొరికిందట. పొగ, బొగ్గు నుసి అంతా మొహానికే. గడపలో నిలబడితే పళ్లు, కళ్లలో తెలుపు తప్ప ఏమీ కనిపించలేదు.

అయినా ముందు నా పనే పట్టుకుంది. గదువ ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. నేను మొహం కదలనివ్వలేదు.

"అరే, సంచులు పోయినయి గదే! నున్నగైంది. ఏం బెట్టిండ్రు?"

గెలిచాననే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే అవ్వ లోపల నుంచి వచ్చి, కూతురి మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏం బిడ్డా, పీర్ల కాడ ఎలుగుబంటి యేషం గట్టొచ్చినవా?"

ఇక నవ్వు ఆగుతుందా? పెదాలు బిగబట్టాను, ముక్కు బిగబట్టాను, ఎక్కడో లోపలి నుంచి తన్నుకొచ్చింది. నవ్వగానే గంజి టప్‌మని పగిలి, పెచ్చులు పెచ్చులుగా అత్త అరచేతిలో రాలింది.

"ఓయమ్మో! పిల్ల తోలు ఊడుతున్నదిరా తమ్ముడా! ఉరుకుండ్రి, దవాఖానకు ఉరుకుండ్రి!"

అమ్మ పరుగున వచ్చి, ఒక పెచ్చు తీసుకుని వేళ్ల మధ్య నలిపింది. "తోలు కాదు వదినా. గంజి."

"నా పడుగు గంజా?" అన్నాడు నాయిన.

అవ్వ నవ్వలేక గడప మీద కూలబడింది. "పడుగుకు బెట్టినంక మిగిలింది మొకానికి బెట్టింది! ఎండల నిలబెడితే ఇగ నేసుడే!"

అత్త చేతులు జారవిడిచి నా వైపు చూసింది. నాకు నవ్వు పోయి ఏడుపొచ్చింది. "నేను రాను అత్తా. నా అంచు సగమే అయింది" అన్నాను.

అవ్వ లేచింది. మా ఇద్దరినీ నీళ్ల గంగాళం దగ్గర పక్కపక్కన కూర్చోబెట్టింది. తడిగుడ్డతో ముందు నా గంజి తుడిచింది. నలుపు బయటికొచ్చింది, సంచులూ వచ్చాయి. తర్వాత కూతురి మొహం పట్టింది. నుదుటి మీది బొగ్గు పోయింది, బుగ్గల మీదిది పోయింది. కళ్ల కింద మాత్రం ఎంత రుద్దినా పోదు.

"అంత పాయె, గీ ఇంత బొగ్గు పోతలేదేందే?"

"అబ్బ, తోలు ఊడబెరుకుతవా ఏంది అమ్మా? గది బొగ్గు కాదు. నాకు ఎప్పటిసందో ఉన్నదే."

అవ్వ చేతిలో గుడ్డ ఆగింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

"ఎప్పటిసందో ఉన్నదా? మరి నీ పెండ్లయినంక మగ్గం ముట్టినవా?"

"దుకాణమోళ్ల ఇంట్ల మగ్గం యాడుంటదే?"

"గట్లయితే నీ సంచులు ఎవ్వడు నేసిండే బిడ్డా?"

అత్త తల్లి మొహంలోకి తేరిపార చూసింది. "నీక్కూడ ఉన్నయి గదనే!"

"నాకెందుకుండవు? నీకిచ్చింది నేనే గద. వానికి గూడ ఇచ్చిన. ఏయ్, నువ్వు గూడ ఇటు రా, ఎండలకు!"

నాయిన బుద్ధిగా వచ్చి ఎండలో కూర్చున్నాడు. ఆయన కళ్ల కింద కూడా అవే రెండు సంచులు, అదే నలుపు. మీసం మీద కన్ను పడి ఇన్నాళ్లు ఎవరూ చూడలేదంతే. నలుగురం వరసగా కూర్చుని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఈ ఇంట్ల నాకొక్కదానికే లేవు. నేను బయటి ఇంటికెల్లి వచ్చిన కోడల్ని గద" అంది అమ్మ, ఏదో తనకు రావాల్సింది రానట్టు.

అత్త తేలిగ్గా ఓడే మనిషి కాదు. లేచి మగ్గం దగ్గరికి పోయి పైకి చూసింది. మాది మట్టి మిద్దె. వెలుతురు కోసం మగ్గానికి సరిగ్గా పైన మిద్దెకు గవాచి, అంటే చిన్న కంత, ఉండేది. వానలప్పుడు దాని మీద నాయిన పాత కుండ బోర్లించాడు, వానలు పోయినా తీయలేదు.

"అయితే మగ్గం తోటి రాలేదంటరు. కానీ, గీ చీకట్ల కూసుంటే ఉన్నవి ఇంకింత పెరగవా? గా కుండ మిద్దెకు టోపీ పెట్టినవారా? ఎక్కి తీయ్!"

"తీస్త అక్కా."

"పొల్ల చీరంత నేసినంకనే లేవాలె. కానీ దీపం ముట్టిచ్చినంక మగ్గం మీద చెయ్యి బెట్టిందంటే, అప్పుడు నిజంగనే తోల్కపోత."

నాయిన పైకెక్కి కుండ తీశాడు. వెలుతురు జారి నా కుంకుమ అంచు మీద పడింది. అంత ఎర్రగా ఉంటుందని అప్పటిదాకా నాకే తెలియదు.

అట్లా నేను వనపర్తికి పోలేదు. అత్తే మా ఇంట్లో ఉండిపోయింది, చీర పూర్తయ్యేదాకా. పొద్దు గూకగానే నా జడ పట్టుకుని మగ్గం మీది నుంచి లేపేది, అన్నం పెట్టి పడుకోబెట్టేది. నిద్ర చాలిందేమో, సంచులు కాస్త దిగాయి. నలుపు దిగలేదు. ఇప్పుడు కూడా ఉంది, చూడు. మీ నాయినకూ ఉంది. నీకు వచ్చింది కూడా అదే పిల్లా, గా సీసాల మందుకు ఏం తెలుసు మన సంగతి? పెందలాడ పండుకో, వెల్తుర్ల చదువుకో, మిగిలింది మా అవ్వకు వదిలెయ్.

ఇది రాసుకో, ఇది అసలైంది. ఆ చిలకపచ్చ చీర నాయిన అత్తకే పెట్టాడు. అది కట్టుకుని రైలెక్కేటప్పుడు, కిటికీలోంచి నన్ను దగ్గరికి పిలిచి, ఆ కుంకుమ అంచు నా కండ్ల కింద ఆనించి, మా అత్త ఏమన్నదంటే—

"అత్తా! రొట్టెలు సల్లగైతున్నయి, లేచి రాండ్రి!"

మీ అమ్మ పిలుస్తున్నది... వస్తున్న బిడ్డా, ఒక్క మాట... ఆఁ, వస్తున్న, పొయ్యి మీదికెల్లి దించకు... లేవే, నువ్వు గూడ లే, గా కాగితం మీద రొట్టె పెట్టేవు, ముందు చేతులు—