మూడో చెయ్యి

ఈ మాట ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు: రాజ్యాంగ మౌలిక స్వరూపం గురించి నేను నేర్చుకున్నది పుస్తకంలో కాదు. ముఖం మీద చున్నీ కప్పుకుని, నిద్రపోతున్నట్టు నటిస్తూ, పక్క మంచం మీది అక్క గొంతులో.

అశోక్‌నగర్ హాస్టల్లో మా గదికి నలుగురం. అందరం గ్రూప్స్‌కి చదివేవాళ్ళమే. అక్క మాకన్నా చాలా పెద్దది; వయసు దాటిపోకముందు ఆమెకు మిగిలింది ఈ ఒక్క పరీక్షే. పైకి చదివితే తప్ప ఆమెకు ఏదీ గుర్తుండదు. మధ్యాహ్నం మెస్‌లో తినొచ్చి, గోడకు ఆనుకుని మొదలుపెట్టేది: పార్లమెంటు ఏ అధికరణాన్నయినా సవరించవచ్చు, కానీ రాజ్యాంగం రాజ్యాంగంగా మిగలకుండా చేయలేదు, ఆ హద్దు దాటిందో లేదో తేల్చేది న్యాయస్థానం. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా నాకు జారిపోయిన వాక్యాలు ఆమె చదువుతుంటే నిలిచిపోయేవి.

గది నియమాలు తలుపు వెనక చార్టు మీద ఉండేవి. రాసింది ఆమే. మొదటిది, ఈ గదిలో ఎవరి చదువూ ఆగకూడదు. చివరిది, ముగ్గురు చెయ్యెత్తితే ఏ నియమాన్నయినా మార్చుకోవచ్చు.

మెయిన్స్ దగ్గరపడ్డాక, భీమవరం నుంచి వచ్చిన అమ్మాయి చార్టు ముందు నిలబడింది.

"మీ గొంతుకి మైకొక్కటే తక్కువ అక్కా. గదిలో పైకి చదవకూడదని రాసేద్దాం. ఎవరెవరు ఒప్పుకుంటారు?"

తను చెయ్యెత్తింది. కిటికీ పక్క అమ్మాయి ఎత్తింది. ఇద్దరూ నావైపు చూశారు. నన్నెవరైనా అలా చూస్తే వాళ్ళకు కావలసింది చేసేస్తాను. ఎత్తాను.

అక్క నవ్వింది. "ముగ్గురైతె ఏదన్న మార్చొచ్చని నేనే రాస్తి గదా. ఇగ ఏమంట?"

మా గదికి కోర్టు లేదు. ఉంటే మొదటి నియమం చూపించి కొట్టేసేది. ఆ పాఠం నాకు అప్పటికే కంఠతా వచ్చు. ఆ మధ్యాహ్నం గది చాలా నిశ్శబ్దంగా ఉంది. మెలకువగానే పడుకున్నాను.

పైకి చదువుకోడానికి అక్క వేరే చోటు వెతుక్కుంది. చిక్కడపల్లి లైబ్రరీలో పెదవి కదిపినా పక్కవాళ్ళు తిరిగి చూస్తారు. మేడ మీద ఎండ. కొన్నాళ్ళు మెట్ల మీద కూర్చుంటే వార్డెన్ లేపింది. చివరికి అక్క రాంనగర్‌లో తన చిన్నమ్మ ఇంటికి పోతానంది. అక్కడ పిల్లలు, టీవీ. ఎంత గట్టిగా చదివినా తన మాట తనకే వినబడదని ఆమే చెప్పింది.

పరుపు, బకెట్ నేనే కిందికి తెచ్చాను. "అక్కా, ఆరోజు నేను..." అన్నాను.

ఆమె ఆటోలో సర్దుకుని కూర్చుని, నా చేతిలోంచి బకెట్ అందుకుంది.

"చున్నీ కింద నువ్వు మేల్కోనే ఉంటవని నాకెరుకనే. గందుకే గా పాఠం మల్ల మల్ల చదివిన."