ప్రారంభ తేదీ లేని పద్నాలుగు రోజులు

మొన్న ఆదివారం సాయంత్రం మా అపార్టుమెంటు డాబా మీద, మా సొసైటీ అధ్యక్షుడు గారి మనవడికి వీడ్కోలు సభ జరిగింది. కుర్రవాడు చదువుకోవడానికి కెనడా వెళుతున్నాడు. పూలదండలు వేశారు, ఆవిరి మీద ఉడికించిన శనగపిండి ఖమణ్ పెట్టారు. పరాయి దేశంలో మన పిల్లవాణ్ణి అక్కడివాళ్ళు కడుపున పుట్టిన బిడ్డలా చూసుకోవాలని అధ్యక్షుడు గారు మైకులో చెప్పి, కళ్ళు తుడుచుకున్నారు. నేను చప్పట్లు కొట్టాను. కార్యదర్శిని కనుక కొట్టక తప్పదు. ఖమణ్ ముక్క మాత్రం ప్లేటులోనే వదిలేశాను, ఎందుకంటే కరోనా వచ్చిన మొదటి ఏడాది, అదే డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, ఇంకొక విదేశీ విద్యార్థి గురించి కూడా మేము సభ పెట్టుకున్నాం. ఆ సభలో దండలు లేవు.

అప్పట్లో మా పై అంతస్తులో, అంటే నాలుగో అంతస్తులో, టాంజానియా నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె అద్దెకుండేది. బట్టల అద్దకం మీద పెద్ద చదువు చదవడానికి సూరత్ వచ్చి అప్పటికి రెండేళ్ళు. సలాబత్‌పురా బట్టల దుకాణాల నుంచి గుడ్డపీలికలు ఏరుకొచ్చి, ఏది రంగు దిగుతుందో చూడటానికి ఉతికి బాల్కనీలో ఆరేసేది. హజీరా ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు ఇంజనీరుగిరీ వెలగబెట్టిన నేను ఇప్పటికీ ఆటోవాడి ముందు తడబడుతుంటానా, ఆ పిల్ల రెండేళ్ళకే గుజరాతీ నేర్చుకుని, కొసరు కొత్తిమీర వెయ్యలేదని కూరలబండివాడితో తగువేసుకునేది. మా ఆవిడను మాసీ, అంటే పిన్ని అని, అధ్యక్షుడు గారిని కాకా, అంటే బాబాయి అని పిలిచేది. ఆ కాకా గారికి ఆ పిలుపు బాగానే ఉండేది, లాక్‌డౌన్ వచ్చేదాకా.

విదేశాల నుంచి వచ్చినవాళ్ళు పద్నాలుగు రోజులు గడప దాటకూడదన్న మాట ఆ రోజుల్లో అందరి నోటా వినబడింది. సరే, మన భవనంలో అటువంటివారెవరా అని కమిటీ వెతికితే ఆ అమ్మాయి ఒక్కతే కనబడింది. అధ్యక్షుడు గారి కోడలి తమ్ముడు సరిగ్గా ఆ వారమే దుబాయి నుంచి దిగి మొదటి అంతస్తులో వాళ్ళింట్లోనే ఉన్నాడు గానీ, ఆయన విదేశాల నుంచి వచ్చినట్టు కాదట, ఇంటికి వచ్చినట్టట. నాకు ఇంగ్లీషు బాగా వచ్చునన్న అపవాదు ఒకటి ఉండటం వల్ల, ఆమె తలుపుకు అంటించే నోటీసు వ్రాసే పని నామీద పడింది. వ్రాశాను. ఎక్కడా మర్యాద తప్పకుండా, లిఫ్టు వాడరాదు, మెట్లు దిగరాదు, అని వ్రాశాను. "ప్రారంభ తేదీ" అన్నచోట మాత్రం ఏం వెయ్యాలో తోచలేదు, ఆమె వచ్చి రెండేళ్ళయింది మరి. ఖాళీ వదిలేశాను. మొదలు లేని పద్నాలుగు రోజులకు చివర ఎక్కడుంటుంది? ఆ కాగితం ఏడు వారాలు ఆ తలుపు మీదే ఉంది.

ఆ రోజుల్లో బాల్కనీల నుంచి తాళ్ళతో బకెట్లు దింపి కూరలు పైకి లాక్కున్న సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. ఆమె ఎర్ర బకెట్టు పైకి పోతూ మొదటి అంతస్తు ముందునుంచి పోయేది. అధ్యక్షుడు గారు సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చే వేళ అది ఎదురుగా ఊగుతోందని ఫిర్యాదు వచ్చింది. మా బకెట్టూ అదే దారిన, అదే బండి ఉల్లిపాయలతో పోయేది. దానికి అభ్యంతరం లేదు, అది నీలం బకెట్టు. ఇక బకెట్టు కూడా దింపరాదన్నారు. మనిషి ఏం తినాలన్నది మాత్రం ఎజెండాలో లేదు.

మా ఆవిడ కమిటీని అడగలేదు, నన్నూ అడగలేదు. పై పిల్ల కూరలు కూడా మా నీలం బకెట్టులోనే మూడో అంతస్తుదాకా లాగి, అక్కడి నుంచి ఆమె తాడుకు కట్టి పంపేది. ఒకరోజు ఆ ఎర్ర బకెట్టులో గిన్నెతో ఏదో వేడిగా దిగింది. మూత తీసి మా ఆవిడ, "అయ్యో, గిది మన మక్క గటకనే గదా!" అని అక్కడే నిలబడి తినేసింది. వాళ్ళ దేశంలోనూ మొక్కజొన్నతో ముద్ద ఇలాగే వండుకుంటారట. చిన్నప్పుడు మా ఊళ్ళో నేనూ తిన్నదే. ఇంజనీరింగు కాలేజీలో చేరాక, మా ఇంట్లో గటక తింటామని నాలుగేళ్ళపాటు ఎవరికీ చెప్పలేదు. అప్పుడూ నాకు సిగ్గు ఎక్కువే, ధైర్యమే తక్కువ.

కమిటీ అంతటితో ఊరుకోలేదు. బార్డోలీలో ఉండే ఆ ఫ్లాటు యజమానికి ఫోన్ల మీద ఫోన్లు చేసి, ఖాళీ చేయించడానికి ఒప్పించారు. ఖాళీ చెయ్యమనే ఉత్తరం మీద కార్యదర్శిగా నా సంతకం కావాలని డాబా మీద సభ పెట్టారు. హాస్టళ్ళు మూశారు, విమానాలు లేవు. వెళ్ళమంటే ఆమె వెళ్ళేది రోడ్డు మీదికేనని డాబా మీద చేరిన అందరికీ తెలుసు. ఎక్కడికి వెళుతుందని అడిగాను. "అరే సాబ్, నాకేం కోపమా?" అన్నారు అధ్యక్షుడు గారు. "మా బావమరిది నలభై ఏళ్ళుగా వాళ్ళ దేశంలోనే దుకాణం నడుపుతున్నాడు. చాలా మంచివాళ్ళు."

నేను సంతకం పెట్టాను. దీన్ని ఇంకోలా చెప్పే వీలుంటే ఈపాటికి చెప్పి ఉండేవాణ్ణి.

పిలవకపోయినా పైకి వచ్చి, మెట్ల దగ్గర నిలబడి ఉన్న మా ఆవిడ ఆ కాగితం వైపు చూసింది. "పెట్టిండ్రా? మంచిగైంది. గా పిల్ల సామాను మనింట్ల పెడుత. ఇగ మనకు గూడ ఒక నోటీసు రాయుండ్రి, మీ చెయ్యి మంచిగనే తిరుగుతది గద!"

ఏమంటున్నారని అధ్యక్షుడు గారు అడిగారు. మా ఇంటికి చుట్టం వస్తోందని అనువదించాను. మూడో అంతస్తు చుట్టాల గురించి రూలేదీ లేదు, నేను వ్రాయలేదు కనుక. నా కలం చేసిన మేలేదైనా ఉంటే అదొక్కటే.

విమానాలు తిరిగేదాకా ఆమె మా ఇంట్లోనే ఉంది. మా భోజనాల బల్ల మీద ఫోను నిలబెట్టుకుని పాఠాలు విని, అక్కడి నుంచే పరీక్ష కూడా గట్టెక్కింది. వెళ్ళేరోజు గేటు దగ్గర, కాకా, ఆవజో, అంటే వెళ్ళొస్తానని, ఆయనకూ నమస్కారం పెట్టింది. ఆయన దీవించారు. నాకు మండిపోయింది, ఆయన మీదనో నా మీదనో ఇంతవరకూ తేల్చుకోలేదు.

ఇప్పుడు బకెట్లు లేవు. కూరలు లిఫ్టులోనే తలుపుదాకా వస్తాయి, బాల్కనీలోంచి ఎవరూ ఎవరికీ కనబడరు. ఆ ఎర్ర బకెట్టు తాడు మీద మా ఆవిడ తువ్వాళ్ళు ఆరేస్తోంది. నాలుగో అంతస్తు తలుపుకు రెండుసార్లు రంగు వేసినా, జిగురు అంటిన చోటు చదరంగా తెలుస్తూనే ఉంది.

సభ ముగిశాక అధ్యక్షుడు గారు నన్ను పక్కకు పిలిచి, మనవడు దిగబోయే ఇంటి యజమానికి ఇంగ్లీషులో మంచి ఉత్తరమొకటి వ్రాసిపెట్టమన్నారు. వ్రాశాను. పిల్లవాడు కొత్త, భయస్థుడు, దయచేసి మీ ఇంటి బిడ్డ అనుకోండి, అని వ్రాశాను. ఆయన రెండుసార్లు చదువుకుని, ఎంత బాగా వ్రాస్తారండీ మీరు, అన్నారు. అప్పట్లో ఆ తలుపు నోటీసు చదివి కూడా సరిగ్గా ఇదే మాట అన్నారు.